పదునైదేండ్ల బండి

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఈ కాలమున దానికి మూడవది యొకటి చేర్చదగియున్నది: బండి కొని పదునైదేండ్లు నిలుపుకొని చూడు. కొనుట ఒక్కదినపు పని. అప్పిచ్చువారు, అమ్మువారు, పూలదండ వేసి ఛాయాచిత్రము తీయువారు, అందరును ఆ దినమున మన చుట్టునే యుందురు. ఆ పిదపటి పదునైదేండ్లును బండికి తోడుండవలసినవారము మనమే. ఆ పదునైదేండ్లను గూర్చి నాలుగు మాటలు మన సంచికలో వ్రాయ సాహసించుచున్నాము. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషను ప్యాసై, ముప్పదియేడేండ్లు గుమాస్తా పని చేసి, 2020లో విశ్రాంతి పొందినవారము. లెక్క వ్రాయుట, కాగితము పూర్తిగా చదువుట, సంతకమునకు ముందు అడుగవలసినది అడుగుట, ఈ మూడే మాకు తెలిసిన విద్యలు. బండి విషయమున ఈ మూడును చాలునని మా అనుభవము చెప్పుచున్నది.

బరంపురమున మా చిన్ననాట పెద్దబండి యనిన జీపే. 1947లో మహీంద్రావారు విల్లీసు జీపులను ఈ దేశమున కూర్చుట ప్రారంభించిరి. చిరకాలము అది అధికారుల వాహనముగానే మా కంటికి కనబడెను. 1991లో టాటా సియెర్రా, 1998లో సఫారీ, 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చెను. అధికారి దిగిన బండిలోనికి మెల్లగా గృహస్థుడు ఎక్కెను. నేడు కొంచెము ఎత్తుగానున్న ప్రతి బండియు ఎస్‌యూవీ యను పేరనే అమ్ముడగుచున్నది. కాని వానిలో రెండు జాతులు కలవు. నిచ్చెనవంటి ఉక్కుచట్రముపై పైభాగమును బిగించినవి కొన్ని. చట్రము వేరుగా లేక, అంతయు ఒకే గూడుగా, చిన్నకారువలె నిర్మింపబడినవి కొన్ని. మొదటివి బరువునకును చెడుదారికిని ఓర్చును. రెండవవి తేలిక, ఇంధనము తక్కువ త్రాగును, కుదుపు తక్కువ. ఎవరికేది కావలయునో వారి దారి చెప్పవలెను గాని పొరుగువాని బండి చెప్పరాదు.

మా దారి యెట్టిదో చెప్పెదము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మా బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడి దానిలో చేరెను. గీత ఇచ్ఛాపురమునకు ఈవల పడినది. బంధుత్వములు గీతకు ఇరువైపులను నిలిచిపోయినవి. మా అప్ప ఆవలివైపున, కవిటి దాపున, ఉద్దానపు కొబ్బరితోటల నడుమ నొక పల్లెలో నున్నది. ఆ ప్రాంతమును మూత్రపిండముల వ్యాధి యెంత పీడించుచున్నదో మన సభ్యులలో పలువురకు తెలియును. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. ఆ వ్యాధి మా అప్పకును సంక్రమించెను. 2021 మొదలుకొని ఆమెకు వారమునకు రెండుమార్లు డయాలిసిస్ అవసరమయ్యెను. బావగారు లేరు. మేనల్లుడు సూరతులో మిల్లు పనిలో నున్నాడు. ఒక దినము ఊరి ఆటో, ఒక దినము మేము అని ఏర్పాటు చేసికొంటిమి. ఆటో కుదుపులకు సూది గ్రుచ్చిన చేయి నొచ్చుచున్నదని ఆమె ఒక్కనాడును చెప్పలేదు. చీరచెంగు చేతికి చుట్టుకొని కూర్చుండుట చూచి మేమే తెలిసికొంటిమి. ఆ నెలలోనే గ్రాట్యుటీ సొమ్మునుండి పదునాలుగు లక్షలకు పైబడి తీసి బండి కొంటిమి.

కొనుటకు ముందు మా కుమారుడు, “నాన్నా, అయిదేళ్లు వాడి మార్చేద్దాం. అందరూ అదే చేస్తున్నారు” అనెను. “అయిదేళ్ల తరువాత మీ అత్తకు బండి అక్కర తీరుతుందా?” అని మేము అడిగితిమి. అతడు మరి మాటాడలేదు. లెక్క చూచినను అదియే తేలును. క్రొత్తబండి వెల తొలియేండ్లలోనే యెక్కువగా పడిపోవును. అయిదేండ్లకొకసారి మార్చువాడు ఆ పెద్దనష్టమును మూడుమార్లు భరించును. పదునైదేండ్లుంచుకొనువాడు ఒకమారే భరించును. పింఛనుదారునకు ఈ వ్యత్యాసము స్వల్పము కాదు.

ఎంపికలో మేము పాటించిన నియమములు కొన్ని కలవు. మొదటిది, విడుదలయైన తొలియేట ఏ నమూనాను కొనలేదు. రెండుమూడేండ్లు జనుల చేతిలో నలిగి, లోపములు బయటపడి, సరిచేయబడినదానిని కొంటిమి. రెండవది, బండివారి షెడ్డు మా యూరనే యుండవలెను. విడిభాగములకై భువనేశ్వరమునకు పోవలసిన బండి పల్లెరోగికి పనికిరాదు. మూడవది, ఆసనపు ఎత్తు. మోకాళ్లనొప్పి గల వృద్ధురాలు వంగి దిగక, ఎగిరి యెక్కక, ప్రక్కకు జరిగి కూర్చుండునంత ఎత్తు చాలును. అందుచేతనే చట్రపుబండిని విడిచి గూడుబండిని ఎంచుకొంటిమి. నాలుగవది, అద్దపుకప్పు మొదలగు అలంకారములు లేని నడిమితరగతి బండి. లేనిది చెడిపోదు. భద్రతలో మాత్రము పొదుపు పనికిరాదు. నేడు కొనువారికి 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌కాప్ పరీక్షల నక్షత్రములు చూచు వీలు కలదు. పన్నును కూడ చూచుకొనవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి, పొడవు నాలుగు మీటర్లు మించక, పెట్రోలుదైన 1200 సీసీ, డీజిలుదైన 1500 సీసీ మించని బండికి జీఎస్‌టీ 18 శాతము. అంతకు మించినవానికి 40 శాతము.

పెట్రోలా, డీజిలా యని మమ్ము అడుగువారు పలువురు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న బీఎస్-6 నిబంధనల పిదప డీజిలు బండ్ల పొగదారిలో మసిని పట్టు జల్లెడ యొకటి, డీపీఎఫ్ అనునది, అమర్చబడుచున్నది. బండి కొంతసేపు ఎడతెగక వేగముగా పోయినప్పుడు వేడికి ఆ మసి కాలి జల్లెడ శుభ్రపడును. అంగడికి, గుడికి, బడికి మాత్రమే త్రిప్పు బండిలో ఆ వేడి పుట్టదు. మసి పేరుకొనును, ముందు హెచ్చరికదీపము వెలుగును, పిదప ఖర్చు మొదలగును. మాకు వారమువారము జాతీయ రహదారి 16పై పోవుట తప్పదు గావున డీజిలు తగినది. ఊరిలోనే తిరుగువారికి పెట్రోలే మేలు. కాని వారు ఆ బండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలునకు తగినదా యని చేతిపుస్తకములో చూచుకొనవలెను.

బండి అప్పగింతనాడు హారతికి ముందు పరీక్ష జరుగవలెను. అదియును రిజిస్ట్రేషనుకు ముందే. చట్రముపై చెక్కిన సంఖ్య, ఇంజిను సంఖ్య కాగితములతో సరిపోవలెను. టైరు ప్రక్కను నాలుగంకెలు గుండ్రని గడిలో నుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 2321 అనిన 2021వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున చేసిన టైరు. స్టెప్నీని కూడ క్రిందికి దింపించి చూచితిమి. బీమా అమ్మువారి వద్దనే కొనవలెనను నియమము లేదు. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్తకారునకు మూడేండ్ల థర్డ్‌పార్టీ బీమా తప్పనిసరి. తక్కినదానిని నాలుగుచోట్ల విచారించి తీసికొనవచ్చును. సముద్రతీరపు జిల్లాలవారు నీటివలన ఇంజిను చెడిన యెడల చెల్లించు అదనపు రక్షణను విడువరాదు.

సర్వీసు విషయమున మాకు చేతిపుస్తకమే ధర్మశాస్త్రము. పదివేల కిలోమీటర్లు గాని, ఏడాది గాని, ఏది ముందైన అప్పుడు నూనె, నూనెజల్లెడ మార్చవలెనని మా బండి పుస్తకమున నున్నది. ఒకమారు షెడ్డులో మాకిచ్చిన అంచనాపట్టీలో పదునారు పద్దులుండెను. వానిలో పుస్తకము కోరినవి ఆరు. తక్కినవి ఇంజిను శుద్ధి, లోపలి తళుకు మొదలగు పేర్లు గలవి. ఇవి ఏ పుటలో నున్నవని మర్యాదగా అడిగితిమి. అందరూ చేయించుచున్నారని అచటి ఉద్యోగి చెప్పెను. అందరూ చేయించుచున్నారు గాని పుస్తకము చేయించుమనలేదు గదా యంటిమి. అతడును నవ్వి, పది పద్దులు కొట్టివేసెను. అట్లని చేయవలసినది మానరాదు. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొనును గావున రెండేండ్లకొకసారి మార్చవలెను. ఇంజినును చల్లబరచు ద్రవము గడువు దాటరాదు. టైరులలో గాలి నెలకొకసారి, ప్రయాణమునకు ముందు చల్లగానున్నప్పుడు చూడవలెను. పదివేల కిలోమీటర్లకొకసారి టైరులను స్థానములు మార్చినచో నాలుగును సమముగా అరుగును.

మా ప్రాంతపు ప్రత్యేకశత్రువు ఉప్పుగాలి. గోపాలపురపు సముద్రము మాకు దగ్గర. ఉద్దానమును సముద్రపు టొడ్డే. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అందురు. తొక్కక తప్పనివారు కడుగుకొననైన వలెను గదా! తీరమునకు పోయివచ్చినప్పుడెల్ల బండి అడుగుభాగమును మంచినీటితో కడిగింతుము. తలుపుల అడుగున నీరు పోవు చిన్నరంధ్రములు మట్టితో మూసికొనకుండ చూతుము. రాయి తగిలి రంగు లేచినచోట వెంటనే రంగు అద్దుదుము. తుప్పు అచటనే పుట్టును. వానకాలమున గాలి చొరని ప్లాస్టికు ముసుగు వేయము, లోన తేమ నిలుచును గావున. 2013 అక్టోబరు 12న ఫైలిను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు మనవారు మరువలేదు. హెచ్చరిక వచ్చినంతనే ఇంధనము నిండుగ పోయించి, బండిని చెట్టు నీడనుండి తీసి గట్టిగోడ ప్రక్కను నిలుపుదుము. నీటిలో ఆగిపోయిన బండిని మరల స్టార్టు చేయరాదు. నీరు ఇంజిను సిలిండరులోనికి చేరియున్నచో, అది గాలివలె నొక్కుడుపడదు గనుక, లోపలి కడ్డీ వంగి ఇంజిను సర్వనాశనమగును.

ఇక సొమ్ము. బండి కొన్న నెలలోనే తపాలా కార్యాలయమున అయిదేండ్ల రికరింగు డిపాజిట్టు తెరచితిమి. టైరులు, బ్యాటరీ, పెద్ద మరమ్మతు అనునవి ఆకస్మిక విపత్తులు కావు; తిథి తెలియని తద్దినముల వంటివి. వచ్చుట నిశ్చయము. దానికి తోడు ఒక ఖాతాపుస్తకము కలదు. తేది, మీటరు అంకె, పోసిన ఇంధనము, చేసిన పని, ఇచ్చిన సొమ్ము, అన్నియు అందు వ్రాయుదుము. ఇంధనపు లెక్క నెలనెలకు పోల్చినచో, బండికి జబ్బు రాకమునుపే దాని నాడి దొరకును. ఒక శీతకాలమున మైలేజి తగ్గుట పుస్తకమున చూచి షెడ్డునకు తీసికొనిపోగా, వెనుకచక్రపు బ్రేకు ఒకటి పట్టుకొని విడువకున్నట్లు తేలెను.

కాగితముల సంగతి మన సంఘీయులకు విశేషముగా చెప్పవలసియున్నది. మన పిల్లలు రాష్ట్రములు దాటి ఉద్యోగములు చేయుచున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిదప పరీక్షలో నెగ్గినచో అయిదేండ్ల కొకసారి పొడిగింతురు. బండిని వేరు రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుంచినచో అచట సంఖ్య మార్చుకొనవలెను. కేంద్రప్రభుత్వోద్యోగులకును, నాలుగు లేక అంతకెక్కువ రాష్ట్రములలో కార్యాలయములు గల సంస్థల ఉద్యోగులకును 2021 సెప్టెంబరులో వచ్చిన బీహెచ్ వరుస ఈ తిప్పలు తప్పించును. మాది ఓడీ 07 సంఖ్యగల బండి. సోంపేటలో బంకువారు ఆ ఫలకము చూచి మాతో ఒడియాలో మాటాడుదురు. మేము తెలుగున బదులిచ్చి నవ్వుకొందుము.

2024 వానకాలమున ఒకరాత్రి రెండుగంటలకు పల్లెనుండి ఫోను వచ్చెను. అప్పకు ఊపిరి అందుటలేదు. ఆటోవాడు వానకు రానన్నాడు. మేమును మా ఇల్లాలును బయలుదేరితిమి. తాళము త్రిప్పినంతనే బండి పలికెను. వెనుకటి వారమే వైపరు రబ్బరులు మార్చియుంటిమి గావున దారి కనబడెను. 2023 డిసెంబరులో పలాసలో తెరచిన మూత్రపిండముల ఆసుపత్రికి తెల్లవారకముందే చేరితిమి. ఒంట చేరిన నీరు తీసివేసిరి; ఆమె నిలిచెను. మూడవనాడు ఇంటికి వచ్చుచు, ఆసనమును చేతితో నిమిరి, “తమ్ముడూ, దీన్ని అమ్మకురా” అనెను. ఆ ఒక్కరాత్రి బండిని కదిలించినది అమ్మిన సంస్థ కాదు, నక్షత్రముల సంఖ్యయు కాదు. పూర్వపు మూడేండ్లలో సమయమునకు చేసిన చిన్నచిన్న పనులే.

ఇప్పుడు మీటరు అరువదివేలు దాటినది. గడువు ఇంకను పదేండ్లకు పైగానున్నది. ఈ సంచిక చదువు గృహస్థులు బండి కొనబోవునప్పుడు రంగు తరువాత చూచుకొని, ముందుగా మూడు వస్తువులు సమకూర్చుకొందురు గాక: చేతిపుస్తకము చదువు ఓపిక, నూరుపుటల ఖాతాపుస్తకము, నెలనెలకు కొంచెము సొమ్ము. బండి మన హోదాను తెలుపుటకు కాదు, గీతకు ఆవలనున్న మనవారిని వేళకు చేరుటకు. అది వేళకు కదలవలెననిన, మనము దానిని వేళకు చూడవలెను.