‘ఇక చాలు’ అని కుక్క చెప్పదు

మ్యాప్‌లో ‘ఫిషర్‌ఫీల్డ్ ఫారెస్ట్’ అని ఉంటుంది. వెళ్లి చూస్తే అడవే కనిపించదు. రాళ్లు, గడ్డి, బురద, నీళ్లు, పైన మబ్బులు... అంతే! స్కాట్లాండ్ హైలాండ్స్‌లో ‘ఫారెస్ట్’ అని పేరున్న చోటల్లా చెట్లుండాలనేం లేదు. జింకల వేట కోసం అట్టేపెట్టిన కొండల్నీ అలాగే పిలుస్తారు. ఇక్కడ రోడ్లు లేవు, ఊళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవడం దండగ. ఇలాంటి చోటికి వీపున బ్యాగు, పక్కన కుక్కతో బయల్దేరేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ సరదా ఎలా ఉంటుంది? దాని వెనకున్న బాధ్యత ఏంటి?

మూడు వేల అడుగుల పిచ్చి

స్కాట్లాండ్‌లో 3000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండల్ని ‘మన్రో’లంటారు. సర్ హ్యూ మన్రో 1891లో వాటి జాబితా తయారుచేశాడు. ఇప్పుడా లెక్క 282. ఒక్కోటీ ఎక్కి టిక్ పెట్టుకుంటూ పోవడం అక్కడ చాలామందికి జీవితకాలపు వ్యసనం. ట్విస్ట్ ఏంటంటే, జాబితా రాసిన మన్రో అన్నీ ఎక్కకుండానే 1919లో కన్నుమూశాడు.

914 మీటర్లంటే ‘ఓస్, ఇంతేనా!’ అనిపిస్తుంది. మన అరకు ఊరే దాదాపు అంత ఎత్తులో ఉంది. కానీ అరకుకి రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని వెళ్లొచ్చు. ఇక్కడ చాలా కొండలకు దాదాపు సముద్రమట్టం నుంచే నడవాలి. పొద్దున ఎండ, పదింటికి వాన, పైకెళ్లేసరికి ముందున్న మనిషి కనబడనంత పొగమంచు. 1986 మార్చిలో కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద గాలి గంటకు 173 మైళ్ల వేగం అందుకుంది!

రెండు నదుల అవతల

ఫిషర్‌ఫీల్డ్‌కి వెళ్లే దారుల్లో ఒకటి కోరీ హాలీ అనే చోట రోడ్డు పక్కనుంచి మొదలవుతుంది. ఇన్వర్నెస్ నుంచి అక్కడికి కారులో గంటన్నర లోపే. అక్కణ్నుంచి ఏడు కిలోమీటర్ల నడక. దిగువన లోయలో ఒంటరిగా ఒక రాతి ఇల్లు కనిపిస్తుంది. అదే షెనవాల్ బోథీ.

బోథీ అంటే తాళం వేయని ఇల్లు. ఎవరైనా వచ్చి పడుకోవచ్చు, అద్దె లేదు. కరెంటూ లేదు, కుళాయీ లేదు. ఇలాంటివి సుమారు వందింటిని 1965లో మొదలైన మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ వాలంటీర్లు చూసుకుంటున్నారు. గదిని నలుగురితో పంచుకోవాలి కాబట్టి, తడిసిన కుక్కతో లోపలికెళ్లే ముందు ‘అభ్యంతరం లేదుగా?’ అని అడగడం మర్యాద.

బోథీ దాటాక అసలు కథ. ముందు రెండు నదులు. వంతెన ఉండదు, నీళ్లలో దిగే దాటాలి. ఆ అవతలే అ వైజన్ కొండ. గేలిక్ భాషలో ‘కన్య’ అని అర్థం. ఎత్తు 967 మీటర్లే. కానీ రోడ్డుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న మన్రో ఇదేనని చెబుతారు. పైనుంచి చూస్తే కాళ్ల కింద సరస్సులు, వాటి వెనక కొండలు, దూరంగా సముద్రం. మనిషి కట్టిందంటూ కనబడేది చాలా తక్కువ.

హక్కు ఉంది... లీష్ కూడా ఉండాలి

ఈ కొండల్లో చాలావరకు ప్రైవేటు ఎస్టేట్లవే. అయినా అడ్డుకునేవాళ్లు ఉండరు. 2003లో వచ్చిన భూసంస్కరణల చట్టం స్కాట్లాండ్‌లో దాదాపు ఎక్కడైనా నడిచే హక్కు అందరికీ ఇచ్చింది. ‘బాధ్యతగా’ అన్నదొక్కటే షరతు. కుక్క వెంట ఉంటే, అది మన అదుపులో ఉండాలి.

ఏప్రిల్ నుంచి జులై దాకా ఇక్కడి పక్షులు నేల మీదే గూడు కట్టి గుడ్లు పెడతాయి. వసంతంలో గొర్రెలు ఈనుతాయి. కుక్క కరవక్కర్లేదు, సరదాగా తరిమినా చూలు గొర్రె ఈసుకుపోవచ్చు. అందుకే 2021లో చట్టం బిగించారు. గొర్రెల మీదకి కుక్కని వదిలితే 40,000 పౌండ్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. మన డబ్బుల్లో నలభై లక్షల పైమాటే! మంద మీదపడ్డ కుక్కని ఆపడానికి వేరే దారి లేనప్పుడు రైతు కాల్చేసినా చట్టం అతని పక్షానే ఉండొచ్చు. ‘మావాడు ఏమీ చేయడండీ’ అనే మాట అక్కడ చెల్లదు.

జాబితా మనది, దానిది కాదు

ఇదంతా పక్కవాళ్ల సంగతి. మరి కుక్క సంగతో?

కొండ మీద కుక్కని చూస్తే ముచ్చటేస్తుంది. ముందుకి ఉరుకుతుంది, వెనక్కొస్తుంది, మళ్లీ ఉరుకుతుంది. మనం పది కిలోమీటర్లు నడిస్తే అది అంతకన్నా చాలా ఎక్కువే నడిచి ఉంటుంది. అలసిపోయినా చెప్పదు. పాదాలు ఒరుసుకుపోయినా, మనం లేస్తే తనూ లేస్తుంది. శిఖరం కోసం కాదు, మనం వెళ్తున్నాం కాబట్టి వస్తుంది. చిక్కంతా అక్కడే.

2020 జులైలో పొరుగున ఇంగ్లండ్‌లో స్కాఫెల్ పైక్ నుంచి దిగుతూ డైసీ అనే సెయింట్ బెర్నార్డ్ కుక్క కూలబడిపోయింది. వెనక కాళ్లు నొప్పి, ఇక కదలనంది. బరువు 55 కిలోలు. పదహారు మంది వాలంటీర్లు స్ట్రెచర్ మీద మోసి దింపడానికి అయిదు గంటలు పట్టింది. మంచులో చిక్కుకున్న మనుషుల్ని కాపాడతాయని పేరున్న జాతి కుక్క అది!

నిజంగా కాపాడే కుక్కలూ ఇక్కడున్నాయి. గ్లెన్‌కోలో నివసించిన పర్వతారోహకుడు హామిష్ మెకినిస్ 1965లో వీటికోసం ఒక సంఘమే పెట్టాడు. వాసన పట్టి మనిషిని వెతికేలా వాటికి శిక్షణ ఇస్తారు. కానీ మన ఇంటి కుక్కకి ఆ శిక్షణ లేదు. అంచున వేలాడే మంచు కింద శూన్యముందని దానికి తెలీదు. స్కై దీవి కొండల గరుకు రాయి పాదాల్ని గీరేస్తుందని తెలీదు. మనకి మోకాలి లోతున్న నది తనని కొట్టుకుపోగలదనీ తెలీదు. ఎగువన వాన పడితే కొన్ని గంటల్లోనే ఆ నదులు ఉప్పొంగుతాయి. పొద్దున దాటినంత మాత్రాన సాయంత్రం దాటగలమని కాదు.

కాబట్టి ‘ఇక చాలు’ అనాల్సింది మనమే. వెనకబడుతోందా, పాదాలు నాకుతోందా, ఆగిన ప్రతిచోటా పడుకుంటోందా? అదే దాని భాష.

వెళ్లాలనుకుంటే...

గ్లాస్గోలో, ఎడిన్‌బరాలో చదువుకుంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. స్కాట్‌రైల్ రైళ్లలో ఒకరు రెండు కుక్కల్ని టికెట్ లేకుండా తీసుకెళ్లొచ్చు. మొదటిసారే ఫిషర్‌ఫీల్డ్ వద్దు. మంచి దారి ఉన్న చిన్న కొండతో మొదలుపెట్టండి.

జింకల కంచెలు మనిషి కన్నా ఎత్తుంటాయి. కొన్నిచోట్ల గేటుండదు, నిచ్చెనే. పాతిక కిలోల లాబ్రడార్‌ని ఎత్తి దాటించగలరా? ముందే ఆలోచించుకోండి. ఇంటికొచ్చాక చెవుల వెనక, చంకల్లో పిడుదులున్నాయేమో వెతకండి. కుక్కకే కాదు, మీకూ. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. కాగితం మ్యాపు, దిక్సూచి తప్పనిసరి. ఆపదలో 999కి ఫోన్ చేసి పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. అదే నంబర్‌కి మెసేజ్ కూడా పంపొచ్చు, కాకపోతే ముందే రిజిస్టర్ చేసుకోవాలి. వచ్చేవాళ్లంతా వాలంటీర్లే, పైసా తీసుకోరు.

చివరిగా ఒక్క మాట. ఫిషర్‌ఫీల్డ్‌లోనే బేన్ అ క్లైవ్ అనే కొండ ఉంది. ‘కత్తి కొండ’ అని అర్థం. కొత్తగా కొలిస్తే అర మీటరు కూడా లేని తేడాతో 3000 అడుగులు అందలేదు. 2012లో మన్రోల జాబితాలోంచి తీసేశారు. టిక్ పెట్టుకున్నవాళ్లు ఉసూరుమన్నారు. వాళ్లతో ఆ కొండెక్కిన కుక్కలకి మాత్రం ఏ తేడా లేదు. నది ఒడ్డు నుంచే వెనక్కి తిప్పినా అవి తోక ఊపుతూనే వస్తాయి.