తిట్టుపేరు

“క్రైస్తవుడు” అను మాటను క్రైస్తవులు కల్పించుకొనలేదు. అంతియొకయ పట్టణమున పరులు వారికి పెట్టిన పేరది. క్రొత్త నిబంధన యంతటిలో నది మూడుమారులే కానవచ్చును. ఒకమారు అగ్రిప్ప రాజు నోట ఎత్తిపొడుపువలె వినబడును. కడపటిమారు పేతురు పత్రికలో: ఆ పేరున బాధ కలిగినచో సిగ్గుపడవలదనియు, దానితోనే దేవుని మహిమపఱచవలెననియు నాతడు వ్రాసెను. సిగ్గుపడవలదని చెప్పవలసి వచ్చినదనగా, అప్పటికది సిగ్గుపఱచు పేరేయని పాఠకులు గ్రహింపగలరు. మెథడిస్టు పేరును అట్టిదే. 18వ శతాబ్దమున ఆక్సుఫర్డులో వెస్లీ సోదరుల నియమనిష్ఠలను జూచి నవ్వినవారు పెట్టిన పేరును వెస్లీ త్రోసివేయక ధరించెను. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదకు మహాదేవాలయమును కట్టించిన మిషను ఆ పేరుతోనే తెలంగాణమునకు వచ్చినది.

సంస్కృతము చదివినవారికి మాటల పతనము కూడ తెలియును. అశోకుడు శాసనములలో తన్ను “దేవానాంప్రియు”డని చెప్పుకొనెను. తరువాతి వైయాకరణులు ఆ మాటకు మూర్ఖుడని యర్థము చెప్పిరి. మహారాజు బిరుదమే తిట్టుగా దిగజారగా, తిట్టు బిరుదముగా నెక్కుట యసంభవమని యెవరనగలరు?

ఇది వ్రాయుటకు కారణము మా యింటి వాదము. మాది దొంతన్‌పల్లి. మా వాడ తాతల కాలముననే క్రీస్తును అంగీకరించినది. ఇంటరు చదువుచున్న మా కుమారుడు తన పేరు చివర “మాదిగ” అని వ్రాసికొనుచున్నాడు. మా సంఘపు పెద్ద యొకరు చూచి నొచ్చుకొనిరి. క్రీస్తునందు యూదుడనియు గ్రీసుదేశస్థుడనియు లేదని పౌలు వ్రాయగా, విడిచిన కులమును మరల నెత్తికెత్తుకొననేల? “అది వాళ్లు మనల్ని తిట్టిన మాట బిడ్డా” అనిరి. “అందుకే తాతా, దాన్ని వాళ్ల దగ్గర ఇడిచిపెట్ట” అని వాడనెను.

పెద్దవారి మాట తీసివేయదగినది కాదు. చెప్పులు చేతబట్టుకొని నడచిన వీథి ఆ మాటతో వారికి జ్ఞప్తికి వచ్చును. అయినను నేను మావాని పక్షమే. బాప్తిస్మముతో కులము పోయెనని మనమనుకొన్నంత మాత్రమున ఊరు మఱచినదా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుని షెడ్యూల్డు కులములలో చేర్చలేదు. సవరణలు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ద్వారము తెఱచినవిగాని క్రైస్తవునకు తెఱవలేదు. ఊరి నోట మావాడు మాదిగ. ప్రభుత్వ పత్రములలో వెనుకబడిన తరగతుల “సి” వర్గమువాడు. కులము పేరుతో నలుగురిలో నవమానించుటను నేరము చేసిన 1989 నాటి చట్టమును షెడ్యూల్డు కులములకును తెగలకును మాత్రమే రక్ష.

1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ ప్రభృతులు దండోరా యుద్యమము నారంభించిరి. శర్మ, రెడ్డి, రావు అని వ్రాసికొనువారి ప్రక్కన తామును కులము పేరు వ్రాసికొనిరి. ఉద్యమము పేరే చూడుడు: డప్పు కొట్టి ఊరిలో దండోరా వేయుట మావారికి కట్టిన చాకిరి. దానితోనే తమ మాట చాటిరి.

కొందఱు “మాతంగ” శబ్దమునుండి పుట్టినదని చెప్పి ఈ పేరునకు గౌరవము కట్టబెట్ట జూతురు. సంస్కృతము చెప్పి బ్రతుకు నేనే యనుచున్నాను, ఆ యెరువు వస్త్ర మక్కఱలేదు. తోలు పదను చేసి ఊరికి చెప్పులును మోటకు బొక్కెనయు నిచ్చిన పనివాని పేరది. యొప్పేలో పేతురు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంటనే గదా!

మావానికి నేను పెట్టిన కట్టుబాటొక్కటే. మాల క్రైస్తవుడు ప్రక్కన గూర్చున్నప్పుడు ఆ పేరు కంచె కారాదు. అయినచో పౌలు మాటయే నిలుచును, పేరు నిలువదు. వాడొప్పుకొనెను.

పెద్దవారు మాత్ర మింకను ఒప్పుకొనలేదు. గత ఆదివారము బైబిలు పాఠము చదువువారి పేర్లు ప్రకటించుచు, మావాని యింటిపేరును, పేరును చదివి, క్షణమాగి, మిగిలినది చదువకయే కాగితము మడిచిరి. వాడు లేచి వెళ్లి పాఠము చదివెను.