కారుతున్న అతుకు



మా సంఘంలోని ఒక ఉద్యోగి కుటుంబం బదిలీ మీద వెళ్తూ, తమ ఇంట్లోని చేపల తొట్టిని సండేస్కూలు పిల్లల కోసం మా పాస్టరేజికి ఇచ్చి వెళ్లారు. మూడడుగుల గాజు తొట్టి, సుమారు 100 లీటర్ల నీళ్లు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. పక్క గాజు పైభాగాన ఉన్న రంధ్రం నుంచి నీళ్లు పైపు గుండా కిందనున్న ఫిల్టరు పెట్టెలోకి దిగుతాయి. అక్కడినుంచి చిన్న మోటారు మళ్లీ పైకి తోడుతుంది. ఆరాధన ముగిశాక పిల్లలు ఆ గాజుకు ముక్కులు ఆనించి నిలబడేవారు.

కొన్నాళ్లకు బల్ల కింద తడి కనిపించింది. పిల్లలు చిందించారనుకొన్నాము. కింది పెట్టెలో నీళ్లు తగ్గితే, ఎండలకు ఆవిరవుతున్నాయని సరిపెట్టుకొన్నాము. ఒక రాత్రి పైపు కింద పాత వార్తాపత్రిక పరిచి ఉంచితే, తెల్లవారేసరికి ఒక ఎల్బో కిందనే గుండ్రంగా తడిసి ఉంది. ఆ అతుకు చుట్టూ తెల్లని ఉప్పు పేరుకొంది. లెక్కపెడితే అయిదు సెకన్లకొక చుక్క. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నా, రోజుకు ముప్పావు లీటరు పైమాటే!

పైపుల పని బాగా తెలిసిన పెద్ద ఒకాయన మా సంఘంలోనే ఉన్నారు. కాని పోయిన కోతపండుగ లెక్కల దగ్గర ఆయనకూ మాకూ మాట తేడా వచ్చింది. పోట్లాట కాదు. ఆయన గుడికి రావడం మానలేదు, మేము వందనం చెప్పడం మానలేదు. అంతకు మించి మాటలు లేవు.

కనుక మేమే పనికి పూనుకొన్నాము. అతుకు మీద మైనం పూశాము. రెండు రోజులాగి మళ్లీ కారింది. రెంచి పెట్టి గట్టిగా బిగించాము. చుక్క ఇంకా జోరందుకొంది. "పైపు కోసమైనా ఆయనను పిలవండి" అన్నారు మా ఇంటివారు.

కబురు అందగానే ఆయన సంచీ పట్టుకొని వచ్చారు. మొట్టమొదట మోటారు ప్లగ్గు తీసేశారు. నీళ్లున్న చోట కరెంటుతో ఆటలొద్దన్నారు. అతుకు విప్పి వెలుతురులో చూపించారు.

"అయ్యగారూ, ప్లాస్టిక్ మరను రెంచితో ఇంత బిగించకూడదండి. చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. చూడండి, ఎల్బో వెంట్రుకంత చీలింది. అసలు మొదట్లోనే టేపు వెనక్కి చుట్టారెవరో. బిగించే దిక్కుకే చుట్టాలి, లేకపోతే ఊడి వస్తుంది. ఇక తడి మీద పైపైన ఎంత పూసినా పట్టదు. నీళ్లు ఆపాలి, విప్పాలి, తుడవాలి, ఆరనివ్వాలి."

ఆ మాటలు మాకు పైపు గురించి మాత్రమే వినబడలేదు.

"ఆనాడు అందరి ముందు మిమ్మల్ని లెక్క అడిగి ఉండకూడదు. పొరపాటు మాదే, క్షమించండి" అన్నాము.

ఆయన చాలాసేపు మర తుడుస్తూనే ఉన్నారు. "నేనూ ఆ మాట అనకుండా ఉండాల్సింది అయ్యగారూ. ఆరు నెలలుగా మీ ప్రసంగం చెవిన పడుతోంది గాని, లోపలికి పోవడం లేదు" అన్నారు.

అది వినడం మాకు కష్టంగానే ఉంది. మా పంతం ఒక విశ్వాసికి వాక్యాహారం అందకుండా చేసింది.

కొత్త ఎల్బో వేసి, మరకు టేపు చుట్టి, రెండో కొసకు పొడిగా తుడిచి సొల్యూషన్ రాశారు. రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు మోటారు వేశాము. కలిసి మోకరించి ప్రార్థించాము. ఆ మరుసటి ఉదయం ఆయనే వచ్చి కాగితం ఎత్తి చూశారు. పొడిగా ఉంది.

ఎఫెసీ 4:16లో పౌలు భక్తుడు సంఘాన్ని కీళ్లతో అతుకబడిన శరీరంగా చూపించాడు. ఆ వాక్యం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము గాని, మా అతుకు వైపు చూసుకోలేదు.

ప్రియులారా, మీ ఇంట, మీ సంఘంలో ఎక్కడైనా చుక్క చుక్కగా కారుతోందా? పైపైన పూయకండి, బలంతో బిగించకండి. ఈ సాయంత్రమే వెళ్లి ఆ తలుపు తట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.