పండుకోకు బిడ్డా, వస్తున్న

హనుమకొండలో మాది చిన్న మందుల షాపు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి, లెక్క చూసుకుని ఇల్లు చేరేసరికి పది. మా వాడికి మూడున్నరేళ్లు ఉన్నప్పటి సంగతి చెబుతున్నాను. స్కూటర్ చప్పుడు వినగానే గడప దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. "డాడీ, రౌండు!" నేను చెప్పులైనా విప్పకుండా వాణ్ని ముందు నిలబెట్టుకుని, వేయి స్తంభాల గుడి మీదుగా భద్రకాళి చెరువు కట్ట దాకా తిప్పుకొచ్చేవాణ్ని. కొన్ని రాత్రులు దారిలోనే హ్యాండిల్ మీదికి వాలిపోయేవాడు. ఒక చేత్తో వాణ్ని పట్టుకుని రెండో చేత్తో బండి నడిపిన రోజులున్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ఎక్కువసార్లు మాత్రం గాలి తగిలి ఇంకా హుషారెక్కేవాడు. ఇంటికొచ్చాక మంచం మీద గెంతులు, ఫోన్లో బొమ్మలు, మంచినీళ్లు, మళ్లీ గెంతులు. కన్ను మూసేసరికి పదకొండున్నర, పన్నెండు.

ఏడింటికి బడికి లేపే పని మా ఆవిడది. ఏడుస్తూ లేచేవాడు, పళ్లు తోముతుంటే ఏడ్చేవాడు, నోట్లో ఇడ్లీ ముక్క పెట్టుకుని అలాగే కునుకు తీసేవాడు. తోటి పిల్లల్ని కొరుకుతున్నాడని బడి నుంచి కబురొచ్చింది. "వీడికి పుట్టుకతోనే నిద్ర తక్కువ" అని బంధువులందరికీ చెప్పేవాణ్ని. నిజమని నమ్మే చెప్పేవాణ్ని.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. "పిల్లగాడు పండుకుంటలేడు, జలుబు సిరప్ ఇయ్యండి, అది పోస్తే పండుకుంటడు" అని అడిగేవాళ్లు షాపుకు అప్పుడప్పుడూ వస్తారు. జలుబు మందులో ఉండే క్లోర్ఫెనిరమైన్ మత్తు తెస్తుందే కానీ, అది పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి చేసిన మందు కాదు. కొందరు పిల్లలకు మత్తుకు బదులు చిరాకు, గంతులు ఎక్కువవుతాయి. క్లోర్ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని, ఆ హెచ్చరిక లేబుల్ మీదే ఉండాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో చెప్పారు. లేబుల్ మీద ఆ లైను చూపించి ఎంతమందిని వెనక్కి పంపానో. అలా చెప్పే నేనే, ఒక రాత్రి అటువంటి సీసాను జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. ముందు రాత్రి వాడు పన్నెండున్నర దాకా పడుకోలేదు, మేమిద్దరం మాటా మాటా అనుకున్నాం. విసిగిపోయి ఉన్నాను.

మా ఆవిడ సీసా తిప్పి లేబుల్ చదివింది. "ఇది వానికి పోస్తమా?" అని మాత్రం అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. పొయ్యలేదు. కానీ తెచ్చింది నేనే.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకు, గిరాకీ కాస్త పలచబడగానే, రోజూ చేసినట్టే ఇంటికి వీడియో కాల్ చేశాను. వాడు వాళ్లమ్మ భుజం మీద ఉన్నాడు. ఒక పిడికిలితో కన్ను నలుపుకుంటున్నాడు. రెప్పలు మూతలు పడుతున్నాయి, నోరు కాస్త తెరుచుకుంది. రోజూ అనే మాటే నా నోట్లోంచి వచ్చింది. "పండుకోకు బిడ్డా, వస్తున్న."

వాడు ఉలిక్కిపడ్డాడు. బలవంతంగా కళ్లు తెరిచి, తల నిలబెట్టి, ఎర్రబడ్డ కళ్లతో నా వంక చూసి నవ్వాడు. "పండుకోను డాడీ."

కౌంటర్ అవతల ఎవరో చీటీ పట్టుకుని నిలబడ్డారు. వాళ్లు రెండుసార్లు పిలిచేదాకా నాకు వినపడలేదు. రోజూ ఎనిమిదిన్నరకు వాడి దగ్గరికి నిద్ర వస్తూనే ఉంది. దాన్ని గడపలోంచి వెళ్లగొడుతున్నది నేనే. రోజంతా షాపులో ఉండి, బిడ్డ ముఖం చూడకపోతే నాకు తోచదు కాబట్టి మేలుకొమ్మన్నాను. నామీద ప్రేమతో వాడు మేలుకున్నాడు. మూడున్నరేళ్ల పిల్లాడు అంతకన్నా ఏం చేస్తాడు? వేళ దాటిపోయాక అలసిన ఒళ్లు చతికిలబడదు, రెచ్చిపోతుంది. ఆ గెంతులు చూసి హుషారనుకున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోన్ కాల్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఆ రాత్రి పాత బిల్లు వెనక లెక్క వేశాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మా వాడికి దక్కుతున్నది ఎనిమిదిన్నర.

మా ఆవిడతో చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎనిమిదింటికే ఆవులిస్తడు. గప్పుడే మీ ఫోన్ వస్తది" అంది. ఎన్నాళ్ల నుంచి చూస్తోందో. ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఫోన్లో వాణ్ని చూడగానే నా ముఖం ఎలా వెలిగేదో కూడా ఆమెకు తెలుసు.

ఆ మర్నాటి నుంచి ఒక వరస పెట్టుకున్నాం. ఏడున్నరకు అన్నం, తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం, పాదాలకు కొబ్బరినూనె, ట్యూబ్‌లైటు ఆర్పి చిన్న దీపం, ఒక కథ. అంతే. రాత్రిపూట వెలుతురు ఒంట్లో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్ ఊరకుండా ఆపుతుంది, పెద్దల మీదకన్నా పిల్లల మీద దాని ప్రభావం ఎక్కువ. గడియారం పది నిమిషాలు అటూ ఇటూ అయినా నష్టం లేదు కానీ, వరస తప్పకూడదు. ఒకదాని తర్వాత ఒకటి రోజూ అదే జరుగుతుంటే, ఆఖరున ఉండేది నిద్రేనని పిల్లల ఒంటికి ముందే తెలుస్తుంది. 2009లో 405 మంది తల్లులతో, మూడేళ్లలోపు వాళ్ల పిల్లలతో చేసిన ఒక అధ్యయనంలో ఇలాంటి వరస మొదలుపెట్టాక పిల్లలు త్వరగా పడుకున్నారు, మధ్యలో లేవడం తగ్గింది, తల్లుల మనసూ కుదుటపడింది. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. జనగామ దగ్గర మా ఊళ్లో, చీకటి పడ్డాక "కాళ్లు కడుక్కో పో" అని ఆమె అనగానే మాకు ఆవులింతలు మొదలయ్యేవి. ఆ మాటకు అంత పని ఉందని నలభై ఏళ్లకు తెలిసింది.

మొదటి మూడు రాత్రులు రౌండు కోసం వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగో రాత్రి నేను తట్టుకోలేక తిప్పుకొచ్చాను. మా ఆవిడ మూడు రోజులు పడ్డ కష్టం ఒక్క రౌండుతో పోయింది. మళ్లీ మొదటి నుంచి. అప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది, న్యాయమైన కోపం. రెండో వారానికి ఎనిమిదిన్నరకల్లా కథ పూర్తవకుండానే కళ్లు మూయడం మొదలుపెట్టాడు. కొరకడం ఎప్పుడు ఆగిందో గమనించనేలేదు, బడి నుంచి కబుర్లు రావడం మానేశాయి.

రౌండు పొద్దుటికి మార్చాం. ఆరున్నరకు వాడే వచ్చి నా దుప్పటి లాగుతాడు. కట్ట మీద ఆపి, నీళ్లలో కొంగల్ని లెక్కపెట్టి, పాల ప్యాకెట్ తీసుకుని వస్తాం. మొన్న స్కూటర్ మీద ముందు నిలబడి అడిగాడు.

"డాడీ, నిన్న రాత్రి నువ్వు వచ్చినవా?"

"వచ్చిన."

"నేను చూడలే."

"నేను చూసిన బిడ్డా."