బ్రౌణ్యం కోసం కడప దాకా

కర్నూలు బస్టాండులో తెల్లవారుజామున దిగగానే ఒక ఆటో ఆయన ‘యాడికి పోవల్ల సార్?’ అన్నాడు. దారి పొడుగునా మ్యాపు చూస్తూ వచ్చినవాణ్ని కదా, అనంతపురం వైపు యాడికి అనే ఊరొకటి ఉందని గుర్తు. ‘యాడికి కాదండీ, కర్నూల్లోనే’ అన్నాను. ఆయన హ్యాండిలు మీద తలపెట్టి నవ్వాడు. మీరు వెళ్తే ఈ తప్పు చేయకండి.

మా అక్క కొడుకు ఇక్కడ ఇంజినీరింగు చివరి ఏడాది. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు బ్రౌణ్యాన్ని ఫోన్లోకి ఎక్కిద్దాం రా మామా అని పిలిచాడు. 1852 నాటి పుస్తకం, హక్కుల గొడవ లేదు. వాడి గది బి క్యాంపులో. నేను సి క్యాంపులో దిగి అరగంట తిరిగాను. మా తెనాలిలో దారి తప్పితే కాలువగట్టు పట్టుకుని ఇల్లు చేరొచ్చు. ఇక్కడ ఏ సందు చూసినా ఒకే ఎండ.

వాడు ముందు ఉగ్గాని తినిపించాడు. బొరుగుల్ని నీళ్లలో ముంచి, గుప్పిట్లో పిండి, ఉల్లిపాయల తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలు తడిస్తే పారేస్తాం. ఎన్నాళ్లు పారేశామో!

గదిలో ముగ్గురు పిల్లలు, ఒక ఉబుంటు లాప్‌టాప్, ఒక విండోస్ లాప్‌టాప్. ఆండ్రాయిడ్ స్టూడియో రెండింటి మీదా నడిచింది. ప్లేస్టోర్లో చేరడానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఐఫోనుకైతే ఏటా 99. ‘ఫ్లట్టర్‌లో ఒకసారి రాస్తే రెండింటికీ వస్తుంది మామా, దాని కోడ్ కూడా అందరిదీ’ అన్నాడు మావాడు. రాశాడు కూడా. తీరా ఐఫోనుకి తయారుచేయబోతే ఎక్స్‌కోడ్ కావాలంది. అది మ్యాక్ మీద తప్ప నడవదు. ఆ సందు మొత్తానికి మ్యాక్ లేదు.

ఆండ్రాయిడే మేలని నేను తేల్చేస్తుంటే, ముగ్గురిలో ఆదోని కుర్రాడు అడ్డొచ్చాడు. ‘ఆండ్రాయిడ్ కోడ్ ఎవురైనా దించుకోవచ్చు సార్. ప్లేస్టోరు, మ్యాపులు దాంట్లో రావు, అవి గూగులోళ్లవి.’ మేం వాడుతున్న వీఎస్ కోడ్ సంగతీ అంతేనట. కోడ్ ఎంఐటీ లైసెన్సుతో బయటే ఉంది, మైక్రోసాఫ్ట్ సైటులో దించుకునేదానికి మాత్రం లైసెన్సు వేరు. ఇన్నేళ్లు వాడుతూ నేనెప్పుడూ చదవలేదు. 2001లో లినక్స్‌ని క్యాన్సరన్న ఆ మైక్రోసాఫ్టే 2014లో డాట్‌నెట్ కోడ్ బయటపెట్టిందని నేను గుర్తుచేస్తే, ‘ఆ ఏడే కద సార్ సత్య నాదెళ్ల వచ్చింది! వాళ్ల నాయనది మా సీమే, బుక్కాపురం’ అన్నాడు, మీసం లేకపోయినా మెలేస్తూ.

మూడోనాడు బ్రౌన్ గ్రంథాలయం చూద్దామని నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప బస్సెక్కాం. దారిలో కేసీ (కర్నూలు–కడప) కాలువ కనబడితే ప్రాణం లేచొచ్చింది. మా కృష్ణా కాలువలు సర్కారు తవ్వించినవి. దీన్ని 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిందట, పొలాలకీ పడవలకీ. 1882లో సర్కారు కొనేసింది. కంపెనీ ఉన్నన్నాళ్లూ తూము తాళం ఎవరి మొలకి వేలాడేదో!

కడపలో కారం దోసె తిన్నాక మాటరాక కాసేపు రోడ్డు మీద నిలబడ్డాను. ఎర్రకారం పూసి, దానిమీద మళ్లీ పప్పుల పొడి, పక్కన బొంబాయి చట్నీ. తర్వాత బ్రౌన్ గ్రంథాలయానికి నడిచాం. 1820లో కడప వచ్చిన ఆ దొర బంగళా ఉన్న చోటే ఇది. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఆ చోటు నిలబడడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంతో కష్టపడ్డారు.

అక్కడ పేపరు చదువుతున్న పెద్దాయన మావాడి ఫోన్లో నిఘంటువు చూసి, ‘నా దాంట్లో గూడా ఎయ్యి నాయనా’ అని అద్దం పగిలిన ఫోను చాపాడు. మావాడు స్టోరు దాకా వెళ్లకుండా బ్లూటూత్‌లోనే పంపాడు. తెలియని చోటినుంచి వచ్చిందని ఫోను ఒకసారి బెదిరించింది, సరే నొక్కితే ఎక్కించుకుంది. ఆయన నా చేతిలో మెరిసే ఐఫోను వైపు చూశాడు.

‘నీ దాంట్లో ల్యాదా?’

‘రాదండీ.’

‘అయ్యో పాపం’ అని మళ్లీ పేపర్లో మునిగిపోయాడు.