దొరల పేర్లు మిగిలాయి... ఇళ్లే పోతున్నాయి!

గుంటూరులో ఆటో ఎక్కి '4/7 బ్రాడీపేట' అనండి. ఇక దారి చెప్పక్కర్లేదు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు- అంతే! లైన్లు ఒక దిక్కున, అడ్డరోడ్లు ఇంకో దిక్కున. చదరంగం బల్ల మీద గళ్లలా ఉంటుంది పేట. రైలుకట్టకు అవతల ఉన్న అరండల్‌పేటదీ ఇదే లెక్క. రెండు పేటల పేర్లూ ఇంగ్లీషు దొరలవే.

పాత గుంటూరు ఇలా ఉండదు. అక్కడ వీధులు గుడి చుట్టూ, మసీదు పక్కగా, చెరువు గట్టు వెంబడి ఎటు వీలైతే అటు తిరిగాయి. ఒకే ఊళ్లో రెండు రకాల నగరాలు!

కరువు నుంచి కాలేజీకి...

గుంటూరు సర్కారు 1788లో నిజాం నుంచి ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. 1832-33లో వచ్చిన నందన కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. జిల్లాలో ఉన్న అయిదు లక్షల మందిలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. ఆ దెబ్బ నుంచి ఊరు ఇంకా కోలుకుంటుండగానే, 1842లో హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ వచ్చాడు. ఆయన్ని ఆదరించింది అప్పటి కలెక్టరు స్టోక్స్.

ఆ తర్వాత ఊరి తలరాత మారుతూ వచ్చింది. 1859లో జిల్లాను కృష్ణాలో కలిపేశారు. 1866లో మునిసిపాలిటీ ఏర్పడింది. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా అయింది. కలెక్టరు కచేరీ, కోర్టులు ఉన్నచోటికి ప్లీడర్లు వచ్చారు. పత్తి, పొగాకు, మిరప వ్యాపారులు వచ్చారు. పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం రైతులొచ్చారు. పేటలు నిండింది వీళ్లతోనే.

శంకర్‌విలాస్ సెంటర్‌కు దగ్గర్లోని ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. నందమూరి తారకరామారావు చదివిందిక్కడే. కొత్తపేటలో కుగ్లర్ ఆసుపత్రి ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. మగ వైద్యుడికి నాడి చూపించడానికి కూడా ఆడవాళ్లు జంకే రోజుల్లో ఆ ఆసుపత్రి ఎంత అండో ఊహించుకోవచ్చు.

బంగళాకు అరుగు తోడైతే!

ఈ పేటల్లోని పాత ఇళ్లను ఇంగ్లీషు ఇళ్లనలేం. అచ్చ తెలుగు ఇళ్లూ కావు. ముందు స్తంభాల వరండా దొరల బంగళాదైతే, దాని అంచున అరుగు మనది. వీధి గది ప్లీడరుగారి ఆఫీసు. కక్షిదారులు కూర్చునేది అరుగు మీద. లోపల హాలు, వెనక వంటిల్లు, పెరట్లో తులసికోట, నుయ్యి.

కప్పు చూస్తే మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద పల్చటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు గచ్చు వేసేవారు. గానుగలో రుబ్బిన డంగుసున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. గోడలు మూరెడు మందం. కప్పు ఎత్తు. పైన గాలిగూళ్లు. వేడిగాలి పైకెక్కి వాటిలోంచి బయటికి పోతుంది. మే నెల గుంటూరు ఎండలు తెలిసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పాలా? ఏసీ లేకుండానే మధ్యాహ్నం కునుకు తీయగలిగిన ఇళ్లవి.

గొడవంతా పేరు మీదే!

మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవర్! వినడానికి వింతగా ఉన్నా గుంటూరు మెయిన్‌రోడ్డు మీద కనిపించేది ఇదే. ఆరు స్తంభాలు, వాటి మీద గుమ్మటం. దేశ విభజనకు ముందు కట్టిన ఈ టవర్ పేరు మార్చాలని గట్టి గొడవే జరిగింది. 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు, జాతీయ జెండా ఎగరేశారు. ఏదైతేనేం, కట్టడం నిలిచింది.

మరి అరండల్, బ్రాడీల పేర్ల మీద అలాంటి గొడవ లేదు. అవి నోళ్లలో అరిగిపోయి మన మాటలైపోయాయి. చిత్రమేమిటంటే, ఆ పేర్లు పదిలంగా ఉన్నాయి... ఆ పేటల్లోని ఇళ్లు మాత్రం చడీచప్పుడూ లేకుండా మాయమవుతున్నాయి. అన్నదమ్ముల పంపకాలు, పెరిగిన స్థలం ధర, టేకు దూలానికి పట్టిన చెద... కారణాలు అందరికీ తెలిసినవే. ఎవరినీ తప్పుపట్టలేం. నలుగురు వారసులకు ఒక అరుగును పంచలేం కదా! బిల్డరు అయితే తలా ఒక ఫ్లాటు ఇస్తాడు.

రెండు పేటలనూ కలిపిన శంకర్‌విలాస్ ఓవర్‌బ్రిడ్జిదీ అదే దారి. పాతదాని స్థానంలో కొత్త వంతెన కట్టే పని 2025లో మొదలైంది. ట్రాఫిక్ చూసినవాళ్లెవరూ వద్దనరు.

అన్నీ ఉంచలేం. చూడ్డానికైతే ఇంకా కొన్ని ఉన్నాయి. ఈసారి డాక్టరు అపాయింట్‌మెంటుకో, పుస్తకాలు కొనడానికో బ్రాడీపేట వెళితే, పది నిమిషాలు ముందుగా బయల్దేరండి. అడ్డరోడ్డులో తల పైకెత్తి చూడండి. రెండు అపార్టుమెంట్ల మధ్య ఎక్కడో ఒక వరండా కనిపిస్తుంది. ఇంటివాళ్లు అరుగు మీద ఉంటే పలకరించండి. కప్పు ఎవరు వేశారు, దూలాలు ఎక్కడివి అని అడగండి. మీ ఇంట్లోనే అలాంటి వరండా ఉంటే, పలుగు పడకముందే నాలుగు ఫొటోలు తీసి ఉంచండి. వెనక తాతల పేర్లు రాయండి. దొరల పేర్లకు అడ్రసుల్లో చోటుంది. ఆ ఇళ్లు కట్టినవాళ్ల పేర్లకు మాత్రం ఆ ఫొటోలే దిక్కు.