నెత్తురు చెప్పిన జాడ

టాటానగర్ స్టేషనుకు చేరువన, జుగ్సలాయిలో మా ఇల్లు. 2019 వేసవిలో అక్కయ్య కనురెప్పలు ఊదారంగు తిరిగాయి. వేళ్ల కణుపులపై ఎర్రని దద్దురు లేచింది. ఎండ పడలేదనుకున్నాం. అక్కడి ఎండ ఎవరికి పడుతుంది గనుక! ఒకనాడు చపాతీపిండి కలుపుతూ, అరచేతి ముడతల్లో నొప్పి ఓర్వలేక, "నువ్వు కలపవే" అంది.

డాక్టరుగారు చూడగానే 'డెర్మటోమయోసైటిస్' అన్నారు. దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే సొంత చర్మంపైనా, కండరాలపైనా తిరగబడే వ్యాధి అది. కండరాల ఎంజైములు మామూలుగానే ఉన్నాయని తెలిసి మేము ఊరట చెందాం. ఆయన చెందలేదు. స్వీయ ప్రతిరక్షకాల పరీక్షకు నెత్తురు పై ఊరికి పంపారు.

ఈ ప్రతిరక్షకాలు వ్యాధి పేరుతో ఆగవు; ఎక్కడ వెదకాలో కూడా చెబుతాయి. పెద్దవారిలో టిఫ్-1 గామా కనిపిస్తే దాగిన కేన్సరును వెదకాలి. ఎండీఏ-5 అయితే కండరాలు బాగున్నా ఊపిరితిత్తులు వేగంగా చెడిపోవచ్చు. అక్కయ్యకు వచ్చింది ఇదే.

"ఈ పరీక్ష ఒక్కొక్కసారి పొరబడుతుంది. చర్మం కూడా అదే చెబుతున్నది గనుక నమ్ముతున్నాను" అన్నారాయన.

అక్కయ్యకు దగ్గయినా లేదు. అయినా మరునాడే స్కాన్ తీయించారు. ఊపిరితిత్తుల అడుగున మచ్చలు అప్పటికే మొదలయ్యాయి. ఆ రోజే చికిత్స ఆరంభించారు.

ఇప్పటికీ పిండి నేనే కలుపుతున్నాను. అక్కయ్య పక్కనే కూర్చుని, నీళ్లు ఎక్కువయ్యాయని తప్పు పడుతూ ఉంటుంది.